ఫుల్ వాల్యూమ్ పెట్టినా ఫోన్ మోగదేం?

ఈ పేజీకి వచ్చే ఉత్తరాల్లో స్క్రీన్ పగిలిందనో, చార్జింగ్ ఎక్కట్లేదనో రాసేవాళ్లే ఎక్కువ. ఈసారి రింగ్‌టోన్ గొడవలు కట్టగట్టుకుని వచ్చాయి. కాకినాడలో నా సర్వీస్ షాపు కౌంటర్ దగ్గరా ఇదే వరస. పండక్కి పిల్లలు వచ్చి వెళ్లాక పెద్దవాళ్ల ఫోన్లలో ఏ సెట్టింగూ ఉన్నచోట ఉండదు. మెనూల పేర్లు కంపెనీని బట్టి కాస్త అటూఇటూ ఉంటాయి, కంగారు పడకండి. సెట్టింగ్స్‌లో పైనుండే సెర్చ్ గడిలో రింగ్‌టోన్ అని కొడితే అదే దారి చూపిస్తుంది.

మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, వాట్సాప్‌లోనే ఫోన్ చేస్తాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు మనవడు నా ఫోన్‌కి వీణ రింగ్‌టోన్ పెట్టి వెళ్లాడు. ఊళ్లోవాళ్లు చేస్తే వీణే మోగుతుంది. అబ్బాయి చేస్తే మాత్రం వేరే ఏదో చప్పుడు. ఒక్కోసారి అసలు మోగదు, లేచి చూస్తే మిస్డ్ కాల్ ఉంటుంది. ఆ వీణైనా పక్కగదిలోకి వినపడి చావదు. నా వయసు 68.
– ఒక అమ్మగారు, తెనాలి

అమ్మా, ఒక్క ఉత్తరంలో మూడు జబ్బులు రాశారు. మూడింటికీ మందు వేరు.

మనవడు పెట్టిన వీణ సిమ్ మీద వచ్చే కాల్స్‌కే. వాట్సాప్‌కి తన రింగ్ తనకుంది. వాట్సాప్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌లోకి వెళ్లండి. కిందికి జరిపితే కాల్స్ అన్నచోట రింగ్‌టోన్ కనిపిస్తుంది. అబ్బాయి ఒక్కడికే వేరేది కావాలంటే, వాడి చాట్ తెరిచి, పైన పేరు మీద నొక్కి, అక్కడి నోటిఫికేషన్స్‌లో కాల్ రింగ్‌టోన్ మార్చుకోవచ్చు.

అసలు మోగకపోవడానికి నాకు రెండు అనుమానాలు. మొదటిది బ్యాటరీ పొదుపు. కాసేపు ముట్టుకోకపోతే చాలా ఫోన్లు వెనకాల నడిచే యాప్‌లని నిద్రపుచ్చేస్తాయి, అందులో వాట్సాప్ కూడా పోతుంది. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో వాట్సాప్, అందులో బ్యాటరీ దగ్గర ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ అని పెట్టండి. కొన్ని ఫోన్లలో ఆటో స్టార్ట్ అనో, ఆటో లాంచ్ అనో ఇంకో మీట ఉంటుంది, అదీ వేయాలి.

రెండోది టైము. అబ్బాయి ఆఫీసు నుంచి ఇంటికొచ్చి రాత్రి 7 గంటలకి చేశాడనుకోండి, తెనాలిలో తెల్లవారి 5.30. చలికాలంలో అయితే 6.30. మీ ఫోన్‌లో బెడ్‌టైమ్ మోడ్ ఉదయం 7 దాకా పెట్టి ఉంటే మోగమన్నా మోగదు. ‘ఒక్కోసారి’ అని రాశారు చూడండి, అందుకే నా అనుమానం దీని మీదకే పోతోంది. స్క్రీన్ పైన నెలవంక బొమ్మో, అడ్డగీత ఉన్న గుండ్రమో కనిపిస్తుందేమో పొద్దున్నే చూడండి. ఉంటే ఆ షెడ్యూల్‌ని 5 గంటలకే ముగిసేలా మార్చేయండి, లేదా తీసి పారేయండి.

ఇక వీణ. దాని మీద నాకు కోపమేమీ లేదు గానీ, ఫోన్ స్పీకరు గోరంత ఉంటుంది, మంద్రస్థాయి అందులోంచి రాదు. పైగా వీణ మెల్లగా అందుకుంటుంది, అది ఊపందుకునేలోపు ఫోన్ ఆగిపోతుంది. అలాగని టింగుటింగుమనే సన్నటి మోత పెట్టుకున్నా మీకు కుదరదు. వయసు పైబడేకొద్దీ చెవికి ముందు దూరమయ్యేది సన్నటి కీచు శబ్దాలే. మధ్యరకం స్థాయిలో, మొదటి క్షణం నుంచే గట్టిగా ఎత్తుకునేది కావాలి. నాదస్వరం బావుంటుంది. అంతకన్నా మనిషి గొంతు ఇంకా బావుంటుంది. మనవడి చేత ఫోన్ రికార్డర్‌లో ‘నానమ్మా, నాన్న ఫోన్ చేస్తున్నాడు, నానమ్మా!’ అని గట్టిగా అనిపించి పంపించుకోండి. దాన్నే రింగ్‌టోన్‌గా పెట్టుకోండి. మా షాపుకొచ్చే పెద్దవాళ్లకి నేను ఎక్కువగా చెప్పే ఉపాయం ఇదే. బంధువులు నవ్వితే నవ్వనివ్వండి.

పెట్టాక, వంటింట్లో మిక్సీ వేసి, ఫోన్ హాల్లో ఉంచి, పక్కింటి వాళ్లచేత చేయించి చూడండి. అప్పటికీ అనుమానంగా ఉంటే ఫోన్ మోగినప్పుడు వెనక ఫ్లాష్ లైటు మినుకుమినుకుమనే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి ఫ్లాష్ నోటిఫికేషన్ అన్నది వెతకండి.

నచ్చిన పాటలో ముక్క కట్ చేసి రింగ్‌టోన్ పెడుతున్నాను. కొన్నాళ్లకే మళ్లీ కంపెనీ మోత వచ్చేస్తోంది. ఫోన్‌లో వైరస్ ఉందంటారా?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

వైరస్ కాదు తమ్ముడూ, నీ పాట అడ్రస్ మారింది. చాలా ఫోన్లు పాటని తమ దగ్గర దాచుకోవు, అది ఏ ఫోల్డర్లో ఉందో గుర్తుపెట్టుకుంటాయంతే. స్టోరేజీ నిండిందని నువ్వు వాట్సాప్ ఫైళ్లు ఊడ్చేసినప్పుడు, లేదా ఏదో క్లీనర్ యాప్ ఊడ్చేసినప్పుడు ఆ పాట కూడా పోయి ఉంటుంది. మెమరీ కార్డులో పెట్టినా ఇదే తంటా. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసినప్పుడు కార్డు లేవడం ఆలస్యమైతే, పాట దొరక్క ఫోన్ తన సొంత మోతకి వెళ్లిపోతుంది.

ఫైల్స్ యాప్ తెరిచి, కట్ చేసిన ముక్కని ఫోన్ సొంత స్టోరేజీలో ‘రింగ్‌టోన్స్’ అనే ఫోల్డర్లోకి కాపీ చెయ్. ఆ ఫోల్డర్ లేకపోతే అదే పేరుతో నువ్వే చేసుకో. అక్కడున్న దాన్నే మళ్లీ రింగ్‌టోన్‌గా ఎంచుకో. పాత చోటున్నది ఇక ఉన్నా ఒకటే, పోయినా ఒకటే. ఎంపీ3 గానీ ఎం4ఏ గానీ అయితే ఏ ఫోన్ పేచీ పెట్టదు. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఓపస్ రకం, కొన్ని ఫోన్లు వాటిని లిస్టులో చూపించవు.

కటింగ్ గురించి కూడా చెప్తాను, నువ్వు అడక్కపోయినా. మన దేశంలో ఎవరూ ఎత్తకపోతే మొబైల్ మోగేది 30 సెకన్లు. 2019 నవంబరులో టెలికాం కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ పెట్టిన లెక్క ఇది, ల్యాండ్‌లైన్‌కైతే 60. అంతకుముందు కంపెనీలు ఒకదాన్ని చూసి ఒకటి రింగు తగ్గించుకుంటూ 25 సెకన్లకి దిగాయి. ఎందుకో తెలుసా? అప్పట్లో కాల్ చేసినవాడి కంపెనీ, ఎత్తినవాడి కంపెనీకి నిమిషానికి 6 పైసలు కట్టాలి. రింగు త్వరగా ఆగిపోతే అవతలివాడు మిస్డ్ కాల్ చూసి తిరిగి చేస్తాడు, అప్పుడా 6 పైసలు ఎదురొస్తాయి. మన రింగ్‌టోన్ వెనక ఇంత వ్యాపారం నడిచింది. కాబట్టి 40 సెకన్ల ముక్క కట్ చేసి, అందులో సగం మ్యూజిక్ పోనిచ్చి, పల్లవి చివర్లో వచ్చేలా పెడితే దాన్ని నువ్వెప్పుడూ వినవు. పల్లవి మొదటి మాట మీదే కత్తెర పడాలి. ముందు అర సెకను ఖాళీ కూడా ఉంచకు.

నోకియా 3310లో కంపోజర్ ఉండేది. కీప్యాడ్ మీద అంకెలు నొక్కుతూ ఒక్కో స్వరం పేర్చుకునేవాళ్లం. పేపర్లో పాట పక్కన కోడ్ చూసి ఎసెమ్మెస్ కొడితే టోన్ వచ్చేది, బ్యాలెన్స్ పోయేది. ఇప్పుడు కట్ చేసే యాప్‌లు ఉచితంగా దొరుకుతున్నాయి గానీ, అది ఏం అడుగుతోందో చూసి నొక్కు. ‘సిస్టమ్ సెట్టింగ్స్ మార్చనివ్వు’ అంటే న్యాయమే, రింగ్‌టోన్ మార్చాలంటే ఆ అనుమతి కావాలి. ఎసెమ్మెస్‌లు చదవాలంటే, యాక్సెసిబిలిటీ, అంటే స్క్రీన్ మీదున్నవి చూసే అనుమతి కావాలంటే ఆ క్షణమే తీసేయ్. పాట కత్తిరించేదానికి నీ బ్యాంకు ఓటీపీతో ఏం పని? ఎవరో వాట్సాప్‌లో పంపిన ఏపీకే ఫైలు, అంటే నొక్కితే యాప్‌గా ఎక్కేది అయితే అసలు ముట్టుకోకు.

అన్నా, వాల్యూమ్ బటన్ ఫుల్ పెట్టిన. పాటలు మస్తు వినవడుతున్నయి, రింగ్ మాత్రం వినవడ్తలేదు. గిరాకీ పోతున్నది.
– ఆటో డ్రైవర్, కరీంనగర్

తమ్ముడూ, నువ్వు పెంచింది పాటల వాల్యూమ్. ఆండ్రాయిడ్ 9 వచ్చినప్పుడు, అంటే 2018లో, పక్క బటన్‌ని పాటలకి, వీడియోలకి ఇచ్చేశారు. అంతకుముందు అదే బటన్ రింగుది. బటన్ ఒకసారి నొక్కి, స్క్రీన్ మీద వచ్చిన గీత దగ్గర మూడు చుక్కలో, పళ్లచక్రం బొమ్మో ఉంటుంది, దాన్ని తాకు. నాలుగైదు గీతలు వస్తాయి. అందులో రింగ్ అన్నది పైకి లాగు.

అప్పటికీ రాకపోతే నీ బ్లూటూత్ నెక్‌బ్యాండ్ ఎక్కడుందో చూడు. మెడలోంచి తీసి ఆటో డబ్బాలో పడేశావా? ఆన్‌లోనే ఉంటే రింగు అక్కడ మోగుతుండొచ్చు. జేబులో ఉన్నప్పుడు పవర్ బటన్, వాల్యూమ్ పైబటన్ కలిపి నొక్కుకుపోతే కొన్ని ఫోన్లు వైబ్రేషన్‌కి వెళ్లిపోతాయి. సెట్టింగ్స్‌లో జెశ్చర్స్ దగ్గర ‘ప్రివెంట్ రింగింగ్’ అని ఉంటే ఆపెయ్. నీ పనికి బేస్ దద్దరిల్లే పాట వద్దు, ట్రాఫిక్‌లో ఇంజిను చప్పుడు కింద అది అణిగిపోతుంది. డప్పు కన్నా సన్నాయి మేలు.

మా అత్తగారు ఫోన్ చేస్తే వేరే మోత రావాలి. ఆవిడ పేరు తెరిచినా రింగ్‌టోన్ మార్చే చోటే కనిపించదు. మిగతా కొందరి పేర్లకి కనిపిస్తోంది.
– పేరు వేయొద్దన్న పాఠకురాలు, అనంతపురం

ఆవిడ నంబరు సిమ్‌లో సేవ్ అయి ఉంటుందమ్మా. సిమ్‌లో పేరు, నంబరు తప్ప రింగ్‌టోన్ లాంటివి పట్టవు. కాంటాక్ట్స్ సెట్టింగ్స్‌లో ‘ఇంపోర్ట్’ నొక్కి సిమ్‌లోవి ఫోన్‌లోకో గూగుల్ ఖాతాలోకో తెచ్చుకోండి. తర్వాత ఆవిడ పేరు తెరిచి, మూడు చుక్కల్లో సెట్ రింగ్‌టోన్ నొక్కండి. శాంసంగ్ అయితే ఎడిట్‌లోకి వెళ్లి, ఇంకా చూపించు అన్నది నొక్కితే కింద ఉంటుంది. అదే నంబరు రెండు పేర్లతో ఉంటే ఒకటి తీసేయండి, లేకపోతే ఫోన్ తికమకపడుతుంది.

ఏ మోత పెట్టాలో మాత్రం నేను సలహా ఇవ్వను. ఆవిడ మీ పక్కనే కూర్చుని ఫోన్ చేసి చూసే రోజు ఒకటి వస్తుందని మనసులో పెట్టుకుని ఎంచుకోండి.

నాకు ఫోన్ చేసినవాళ్లకి ఏదో సినిమా పాట వినిపిస్తోందట. నేను పెట్టలేదు. బ్యాలెన్స్ కట్ అవుతోంది. షాపులో చూపిస్తే డబ్బులు తీసుకుని ఫోన్ మొత్తం రీసెట్ చేశారు. ఐనా పోలేదు.
– రైతు, శ్రీకాకుళం జిల్లా

పోదండి. అది మీ ఫోన్‌లో లేదు, మీ సిమ్ కంపెనీ దగ్గరుంది. కాలర్ ట్యూన్ అంటే అవతలివాళ్ల చెవిలో కంపెనీ వినిపించే పాట. ఫోన్ కొత్తది కొన్నా అది మీ నంబరు వెంటే వస్తుంది. దీనికి ఫోన్ రీసెట్ చేసి డబ్బులు తీసుకోవడం నాకైతే చేతులు రావు.

ఇలాంటి అదనపు సర్వీసులు ఆపడానికి అన్ని కంపెనీలకీ కలిపి 155223 అని ఒక నంబరుంది, ఫోన్ చేస్తే డబ్బులు పడవు. చేసి, మీ నంబరు మీద ఏమేం నడుస్తున్నాయో విని, వద్దన్నవి ఆపించుకోండి. ఆపిన మెసేజ్ వచ్చిందాకా వదలొద్దు. మీరు పెట్టకుండా అదెలా వచ్చిందంటారా? ఎవరికో ఫోన్ చేసినప్పుడు వాళ్ల పాట వినిపిస్తుండగా స్టార్ నొక్కితే అదే పాట మన నంబరుకి కాపీ అయ్యే పద్ధతి ఉంది. ఫోన్ పిల్లల చేతికి వెళ్లిందేమో అడగండి.

ఐఫోన్‌లో పాట రింగ్‌టోన్‌గా పెట్టడం ఇంత కష్టమా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

కష్టమే ఉండేది. యాపిల్ వాళ్ల మ్యూజిక్ తయారీ యాప్ గ్యారేజ్‌బ్యాండ్‌లో వేసి, ముక్క చేసి, ఎగుమతి చేసి, నానా తిప్పలూ పడాలి. ఐఓఎస్ 26కి అప్‌డేట్ చేసుకుంటే ఆ బాధ లేదు. 30 సెకన్ల లోపు ఎంపీ3 గానీ ఎం4ఏ గానీ ఫైల్స్ యాప్‌లో తెరిచి, షేర్ నొక్కితే ‘యూజ్ యాజ్ రింగ్‌టోన్’ అని ఉంటుంది. ఇంకొకటి, ఫోన్ ముఖం ముందుకి తీసుకోగానే రింగు దానంతటదే తగ్గిపోతే పాడైందనుకోకండి. మీరు చూస్తున్నారని తెలిసి అదే తగ్గిస్తుంది. నచ్చకపోతే ఫేస్ ఐడీ సెట్టింగ్స్‌లో ‘అటెన్షన్ అవేర్’ అన్నది ఆపేయండి.

క్లాసులో ఫోన్ సైలెంట్‌లో పెట్టాలి. ఇంట్లో నాన్నగారికి ఒంట్లో బాలేదు, ఆయన ఫోన్ మాత్రం మోగాలి.
– లెక్కల మాస్టారు, ఖమ్మం

సైలెంట్ బదులు డూ నాట్ డిస్టర్బ్ వాడండి మాస్టారూ. నాన్నగారి పేరు తెరిచి నక్షత్రం గుర్తు నొక్కి, డూ నాట్ డిస్టర్బ్‌లో కాల్స్ దగ్గర ‘స్టార్డ్ కాంటాక్ట్స్’ అని పెట్టండి. రింగ్ వాల్యూమ్ మాత్రం తగ్గించకండి, తగ్గిస్తే ఆయనదీ వినపడదు. దాని కిందే ‘రిపీట్ కాలర్స్’ అని ఉంటుంది, అదీ ఆన్ చేయండి. ఒకే నంబరు నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి వస్తే మోగిస్తుంది. ఐఫోన్ అయితే 3 నిమిషాల్లోపే రావాలి. పక్కింటివాళ్ల ఫోన్ నుంచి చేయాల్సి వచ్చినా అందుతుంది. ఒకసారికి ఎత్తకపోతే వెంటనే ఇంకోసారి చేయమని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.