మాస్టారి జవాబు: అట్లాంటాలో ఇల్లు

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి అట్లాంటాలో ఇల్లు కొనబోతున్నాడు. ఆ వీధుల్లో నల్లవాళ్లు ఎక్కువట. అక్కడ కొంటే రేపు ధర రాదని, పైగా భయమని మా వియ్యంకుడు గారు ఒకటే టెన్షన్ పెడుతున్నారు. మావాణ్ణి వద్దనమంటారా?
– ఒక తల్లి, రావులపాలెం

జవాబు: ఆ కారణం చెప్పి మాత్రం వద్దనకండమ్మా. ‘ధర రాదు’ అన్న మాట ఎక్కడ పుట్టిందో ముందు వినండి.

1930ల్లో అమెరికా ప్రభుత్వ గృహరుణ సంస్థ నగరాలకి మ్యాపులు గీయించింది. ఏ వీధిలో అప్పిస్తే క్షేమమో, ఎక్కడ కాదో చెప్పడానికి నాలుగు రంగులు. తెల్లవాళ్ల కొత్త కాలనీలకి ఆకుపచ్చ. నల్లవాళ్లున్న వీధులకి దాదాపు ప్రతిచోటా ఎరుపు. అట్లాంటాకీ అలాంటి మ్యాపు ఉంది. ఎరుపు పడ్డచోట అప్పట్లో ఇంటి మీద అప్పు పుట్టేది కాదు. అప్పు లేకపోతే మరమ్మతు ఉండదు, కొనేవాడూ రాడు. ఇల్లు పాడైపోయాక, ‘చూశారా, వాళ్లుంటే ధర పడిపోతుంది’ అన్నారు! రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి ప్రభుత్వ హామీతో ఇంటి అప్పులు ఇచ్చినప్పుడు కూడా నల్ల సైనికుల్లో చాలామందికి బ్యాంకులు మొండిచెయ్యే చూపించాయి. తెల్ల కుటుంబాలు తాత కొన్న ఇంటి విలువతో పిల్లల్ని చదివించుకుంటే, వీళ్లు అద్దెలు కట్టుకుంటూ ఉండిపోయారు.

మనకి ఇది తెలియని సంగతేం కాదు. మా ఊళ్లో ఊరంతా మెరక మీద, దళితుల పేట మాత్రం మురుగుకాలవ పక్కన పల్లంలో. 1986 వరదలో ముందు మునిగింది పేటే. అక్కడ స్థలం చవకని అందరూ అనేవాళ్లు. ఎందుకు చవకో మా పెద్దవాళ్లెవరూ అడగలేదు. మీ వియ్యంకుడు గారిది ఏ ఊరో గానీ, అక్కడా ఇంతే అయ్యుంటుంది.

ఆ దేశంలో మనవాళ్లకీ భూమి కొనే హక్కు లేని రోజులున్నాయి. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు సాగుభూమి కొనకూడదని 1913లో కాలిఫోర్నియా చట్టం చేసింది. పంజాబ్ నుంచి వెళ్లిన భగత్ సింగ్ థిండ్ అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. అయినా ఆయన తెల్లవాడు కాడు కాబట్టి పౌరసత్వం లేదని 1923లో సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో పంజాబీ రైతులు కొందరు అక్కడే పుట్టిన పిల్లల పేర భూములు రాయించి సాగు చేసుకున్నారు. ఆ పిల్లల తల్లుల్లో చాలామంది మెక్సికన్లు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మామగారు సమకూర్చిన డబ్బుతో, కాకినాడ ఎం.ఎస్.ఎన్. చారిటీస్ అనే ధర్మసంస్థ భరోసాతో బోస్టన్ వెళ్లింది కూడా 1920ల మొదట్లోనే. అంతటి శాస్త్రవేత్తకి కూడా, కావాలనుకున్నా 1946 దాకా అక్కడ పౌరుడయ్యే దారి లేదు. ఆ ఏడు చట్టం మార్చి ఇండియాకి ఏడాదికి 100 మంది కోటా ఇచ్చారు. మీ రావులపాలెం సెంటర్లో రెండు బస్సులకి సరిపోరు!

దేశాలవారీ పాత కోటాలు ఎత్తేసింది 1965 చట్టం. మీ అబ్బాయి వెళ్లింది ఆ దారినే. దానికి ముందటేడు, 1964లో, పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చాయి. లాఠీదెబ్బలు తిని, జైళ్లకెళ్లి ఆ గాలి తెచ్చింది నల్లవాళ్ల ఉద్యమం. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇల్లు అట్లాంటాలోనే, ఆబర్న్ అవెన్యూలో ఉంది. మీరు వెళ్లినప్పుడు చూపించమనండి.

ఇక భయమంటారా, ఆ వీధిలో పగలొకసారి, చీకటి పడ్డాక ఒకసారి నడిచి చూస్తే మీవాడికే తెలుస్తుంది. ఇక్కడ ఏ జాతివాళ్లుంటారని ఏజెంటుని అడగొద్దనండి. జాతిని బట్టి కొనేవాళ్లని ఒకచోటికి మళ్లించడం 1968 నుంచి చట్టవిరుద్ధం. కింగ్ హత్య జరిగిన వారానికి వచ్చిన చట్టం అది. పైకప్పు వేసి ఎన్నేళ్లయింది, ఆస్తిపన్ను ఎంత, గట్టి వానొస్తే నీళ్లు ఎటు పోతాయి, దగ్గర్లో బడి ఎలాంటిది, ఇవి అడగమనండి.