అద్దంలో తేలే అంకెలు: హెడ్-అప్ డిస్‌ప్లేపై పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. దూరపు చూపు బాగానే ఉంది కానీ, చత్వారం వచ్చినప్పటి నుంచి కారు నడుపుతూ స్పీడోమీటరు అంకెలు పోల్చుకోవడం కష్టమవుతోంది. కొత్త కారులో హెడ్-అప్ డిస్‌ప్లే ఉంది. అందులోని అంకెలు మాత్రం కళ్లజోడు లేకపోయినా స్పష్టంగా కనిపిస్తున్నాయి. అద్దం నాకు అంత దగ్గరలో ఉండగా ఇది ఎలా సాధ్యం?

జవాబు: అంకెలు అద్దం మీద ఉన్నాయని మనం అనుకుంటాం గానీ, మీ కన్ను చూస్తున్నది అద్దాన్ని కాదు. డ్యాష్‌బోర్డు లోపల చిన్న తెర ఒకటి ఉంటుంది. దాని వెలుగు ఒకటి రెండు దర్పణాల మీద పడి, వాటిలో పుటాకారంగా ఉన్నదాని వల్ల పెద్దదై, ముందు అద్దం లోపలి ముఖం మీద పరావర్తనం చెంది మీ కంటికి చేరుతుంది. నిలువుటద్దానికి రెండడుగుల దూరంలో నిలబడితే మన ప్రతిబింబం అద్దానికి అవతల మరో రెండడుగుల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది కదా, ఇదీ అలాంటి మిథ్యా ప్రతిబింబమే. కాకపోతే పుటాకార దర్పణం దాన్ని ఇంకా దూరానికి నెడుతుంది. సాధారణ హెడ్-అప్ డిస్‌ప్లేలలో ఆ ప్రతిబింబం మీ కంటికి రెండు, రెండున్నర మీటర్ల దూరంలో, అంటే దాదాపు బానెట్ చివర గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది.

మీకు కలిగిన మేలు అక్కడే ఉంది. స్పీడోమీటరు కంటికి సుమారు 75 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. దూరాన ఉన్న రోడ్డును చూస్తున్న కన్ను ఆ దగ్గరి వస్తువుకు సర్దుకోవాలంటే సుమారు 1.3 డయాప్టర్ల (కటకం శక్తికి కొలమానం) శక్తిని అదనంగా కూడగట్టుకోవాలి. రెండున్నర మీటర్ల దూరానికైతే 0.4 డయాప్టర్లు సరిపోతుంది. చత్వారం అంటే కంటి కటకం సాగే గుణం తగ్గిపోయి ఆ అదనపు శక్తిని కూడగట్టలేకపోవడమే కాబట్టి, ఈ తేడా పాతికేళ్ల యువకుడికి పెద్దగా తెలియకపోయినా మీకు వెంటనే తెలిసింది. వయసు మళ్లినవారికి ఈ సాధనం విలాసం కాదని, నిజమైన ఆసరా అని నా నమ్మకం.

చూపు కిందికి దించనక్కర్లేకపోవడం రెండో లాభం. గంటకు 90 కి.మీ. వేగంతో వెళ్లే కారు సెకనుకు 25 మీటర్లు ముందుకు పోతుంది. డ్యాష్‌బోర్డు వైపు ఒక్క సెకను చూసి తలెత్తేసరికి పాతిక మీటర్ల రోడ్డును చూడకుండానే దాటేసి ఉంటాం. యుద్ధ విమానాల్లో గురి చూసే సాధనంగా మొదలైన ఈ ఏర్పాటు 1988లో జనరల్ మోటార్స్ వారి ఓల్డ్స్‌మొబైల్ కారులోకి రావడానికి కారణం కూడా తల దించే అవసరాన్ని తప్పించడమే.

ప్రశ్న: చలువ కళ్లద్దాలు పెట్టుకోగానే అంకెలు మాయమవుతున్నాయి. డిస్‌ప్లే చెడిపోయిందా?

జవాబు: చెడిపోలేదు, మీ కళ్లద్దాలు పోలరైజ్డ్ రకానివి అయి ఉంటాయి. తడి రోడ్డు మీదా, ఎదుటి కార్ల బానెట్ల మీదా మెరిసే ఎండలో ఎక్కువ భాగం నేలకు సమాంతరంగా కంపించే ధ్రువిత కాంతి. పోలరైజ్డ్ అద్దాలు ఆ కాంతిని ఆపేస్తాయి, అందుకే అవి కంటికి అంత హాయిగా ఉంటాయి. ఏటవాలు గాజు మీద పరావర్తనం చెంది వచ్చే హెడ్-అప్ డిస్‌ప్లే వెలుగు కూడా ఎక్కువగా ఆ దిశలోనే కంపిస్తుంది కాబట్టి, మెరుపుతో పాటు అంకెలనూ ఆ అద్దాలు ఆపేస్తున్నాయి. కారు ఆపి ఉన్నప్పుడు ఆ కళ్లద్దాలతోనే తలను మెల్లగా భుజం వైపు వంచి చూడండి, మాయమైన అంకెలు నెమ్మదిగా తేలివస్తాయి. పోలరైజ్డ్ కాని చలువ అద్దాలు వాడితే ఈ చిక్కు ఉండదు.

ప్రశ్న: రాయి తగిలి ముందు అద్దం పగిలితే కొత్తది వేయించాను. అప్పటి నుంచి ప్రతి అంకె రెండుగా కనిపిస్తోంది. మెకానిక్ సెట్టింగులు మారిస్తే సరిపోతుందని అంటున్నారు.

జవాబు: సెట్టింగులతో ఇది సరికాదు, మీకు వేసిన గాజే వేరు. ఈ బాధ నేను స్వయంగా పడ్డాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కారు ముందు అద్దం ఒకే పలక కాదు, రెండు గాజు పలకల మధ్య పలుచని ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. డిస్‌ప్లే వెలుగు లోపలి ముఖం మీద ఒకసారి, కొంత లోపలికి చొచ్చుకుపోయి బయటి ముఖం మీద మరోసారి పరావర్తనం చెందుతుంది. అందువల్ల అసలు అంకెకు కాస్త ఎడంగా మసక నీడ లాంటి రెండో అంకె ఏర్పడుతుంది. హెడ్-అప్ డిస్‌ప్లే ఉన్న కార్లకు చేసే గాజులో మధ్య పొర అంతటా ఒకే మందంగా ఉండదు. కింది అంచు కన్నా పై అంచు దగ్గర కొద్దిగా మందంగా ఉంటుంది. ఆ తేడా మిల్లీమీటరులో కొద్ది భాగమే అయినా, రెండు ప్రతిబింబాలూ ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోవడానికి చాలుతుంది.

నా కారుకు అద్దం మార్చిన వర్క్‌షాపు వారు చూడ్డానికి అచ్చు అలాగే ఉన్న మామూలు గాజు వేశారు. పగటి వేళ నాకేమీ తెలియలేదు. ఆ రాత్రి దీపాలు లేని దారిలో 60 అంకెకు కాస్త పైన అంతే పరిమాణంలో మరో 60 పాలిపోయి కనిపించింది, నా కళ్లకేమైనా అయిందేమోనని భయపడ్డాను. మిగిలినవన్నీ ఒకటిగానే కనిపిస్తూ ఆ అంకెలు మాత్రమే రెండుగా ఉండటంతో లోపం కంటిది కాదని అర్థమైంది. మీరూ అలా చూసుకోండి. తర్వాత మీ కారు మోడల్‌కు హెడ్-అప్ డిస్‌ప్లే సహితంగా సూచించిన గాజునే వేయమని అడగండి, బిల్లు మీద ఆ మాట రాయించుకోండి. అద్దం వెనుక కెమెరా ఉన్న కారైతే అద్దం మార్చిన ప్రతిసారీ ఆ కెమెరాను కూడా తిరిగి సరిచేయించాలి, దాన్ని మరిచిపోవద్దు.

ప్రశ్న: నేను కూర్చుంటే అంతా కనిపిస్తుంది, మా ఆవిడ నడిపినప్పుడు అంకెల కింది సగం తెగిపోతోందట.

జవాబు: ఆ వెలుగు కారంతా పరుచుకోదు. కళ్లు ఉండవలసిన చోట సుమారు 13 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కిటికీ లాంటి జాగాలోకి మాత్రమే వస్తుంది. ఎత్తులో తేడా ఉన్నవారు కూర్చుంటే కన్ను ఆ కిటికీ దాటిపోతుంది. ముందు సీటును ఆమెకు అనువుగా సర్ది, ఆ తర్వాత డిస్‌ప్లే ఎత్తు మార్చండి. డిస్‌ప్లే కోసం సీటును మార్చడం మాత్రం వద్దు.

ప్రశ్న: మా అబ్బాయి తన కారులో వేగం, దారి, పాట పేరు, ఫోన్ ఎవరు చేశారు, ఇంజిన్ వేగం అన్నీ అద్దంలోకి తెచ్చుకున్నాడు. “కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి కదా నాన్నా” అంటాడు. నాకెందుకో భయంగా ఉంది.

జవాబు: మీ భయం సరైనదే. కళ్లు రోడ్డు వైపు ఉండటం, మనసు రోడ్డు మీద ఉండటం రెండూ ఒకటి కావు. దీన్ని విమానయానం మనకంటే ముందే నేర్చుకుంది. 1980లో నాసా పరిశోధకులు సిమ్యులేటరులో అనుభవజ్ఞులైన పైలట్ల చేత హెడ్-అప్ డిస్‌ప్లేతో విమానం దింపించి, రన్‌వే మీద అడ్డంగా మరో విమానాన్ని ఉంచారు. పైలట్లలో కొందరు ఎదురుగానే ఉన్న ఆ విమానాన్ని గమనించకుండా దిగేందుకు ముందుకే సాగారు. వారు చూస్తున్న దిశ సరైనదే, కానీ ధ్యాస అంకెల పొరను పట్టుకుని ఉండిపోయింది.

కారులో చిక్కు మరింత సున్నితమైనది. రెండున్నర మీటర్ల దూరంలోని అంకెకూ, యాభై మీటర్ల దూరంలో రోడ్డు దాటుతున్న పిల్లవాడికీ మధ్య ధ్యాస అటూ ఇటూ మారుతూనే ఉండాలి. కదిలేదీ రంగు మారేదీ ఏదైనా సరే కంటిని తన వైపు లాగుతుంది కాబట్టి, పాట పేరు మారిన ప్రతిసారీ రోడ్డు మీద ఉండవలసిన ధ్యాసలో కొంత అటు పోతుంది. వేగం, మలుపు బాణం, ప్రమాద హెచ్చరిక, ఈ మూడూ తప్ప మిగిలినవన్నీ తీసేయమని మీ అబ్బాయికి నచ్చజెప్పండి. అంకెలు రోడ్డు కనిపించే చోట కాకుండా, దానికి కొంచెం కింద, బానెట్ అంచు మీద నిలిచేలా పెట్టుకోవాలి. రాత్రి వెలుగు తనంతట తాను తగ్గకపోతే చేత్తో తగ్గించాలి, లేకుంటే చీకటిలోని మనుషులు ఆ వెలుగు వెనుక కలిసిపోతారు. ఇవన్నీ బండి ఆపి చేయవలసిన పనులు.

ఇప్పుడు వస్తున్న ఆగ్మెంటెడ్ రియాలిటీ రకంలో, ఉదాహరణకు 2020 నాటి మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో, ప్రతిబింబం సుమారు 10 మీటర్ల ముందు ఏర్పడి, మలుపు బాణం రోడ్డు మీదే గీసినట్టు కనిపిస్తుంది. ఏ సందులోకి తిరగాలన్న తడబాటు తగ్గుతుంది కనుక అది నాకు నచ్చింది. అయితే కాసేపు అలవాటు పడ్డాక బాణాన్ని నమ్మి దారిని చూడటం మానేస్తున్నానని నాకే అనిపించి, తెలిసిన దారుల్లో ఆ బాణాన్ని ఆపేస్తున్నాను.

ప్రశ్న: నా పాత కారుకు బయట దొరికే హెడ్-అప్ పరికరం పెట్టాను. అందులో 80 చూపితే స్పీడోమీటరు 85 చూపుతోంది. ఏది నిజం?

జవాబు: మీ పరికరం జీపీఎస్ రకమైతే, తిన్నని దారిలో స్థిరమైన వేగంతో వెళ్లేటప్పుడు దాని అంకే నిజానికి దగ్గరగా ఉంటుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 ప్రకారం స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు. ఎక్కువ చూపడానికి మాత్రం అసలు వేగంలో పదో వంతు, దానిపై మరో 4 కి.మీ. వరకు అనుమతి ఉంది, అంటే 80 దగ్గర 92 దాకా. తయారీదారులు జాగ్రత్తకోసం ఎప్పుడూ కొంచెం ఎక్కువ వైపే ఉంచుతారు. జీపీఎస్‌కు సొరంగంలో సిగ్నల్ అందదు, ఒక్కసారిగా బ్రేకు వేస్తే అంకె కాస్త వెనుకబడుతుంది. ఓబీడీ సాకెట్టుకు (మెకానిక్‌లు కారు లోపాలను పరీక్షించేందుకు వాడేది) తగిలించే రకం కారు కంప్యూటరు చెప్పే వేగాన్నే తీసుకుంటుంది. ఆ రకాన్ని బండి ఆపాక కూడా తగిలించే ఉంచితే కొన్ని కార్లలో బ్యాటరీ దిగిపోతుంది, కాబట్టి చాలా రోజులు బండి తీయకపోతే దాన్ని ఊడదీయండి.

ఆ పరికరాన్ని ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే మూత మీద ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టవద్దు. గట్టిగా అతుక్కుని ఉందో లేదో అప్పుడప్పుడు చేత్తో లాగి చూస్తూ ఉండండి.