పాఠకుల ప్రశ్నలు: కతోలిక పాఠశాల ఉన్నది దేనికి?

ప్రశ్న: ఫాదర్ గారికి నమస్కారం. మా అబ్బాయి కతోలిక పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. నీతిబోధ పరీక్షలో వాడికి 98 మార్కులు వచ్చాయి. అదే వారంలో పక్కవాడి పుస్తకం చూసి లెక్కల హోంవర్కు దించేసి, టీచరు అడిగితే తానే చేశానని అబద్ధమాడాడు. మరి ఆ నీతి పాఠం దేనికి? ఈ పాఠశాలలు చెప్పే విలువలు ఎక్కడున్నట్లు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అబ్బాయి పరీక్షలో చూపించినది నీతిని గురించిన జ్ఞానం. హోంవర్కు దగ్గర వాడికి కావలసి వచ్చినది నీతిగా నడుచుకునే అలవాటు. ఈ రెండూ ఒకటేనని భ్రమపడడం వల్లనే చాలా పాఠశాలలు వారానికొక పీరియడు కేటాయించి తమ బాధ్యత తీరిందనుకుంటున్నాయి. పదమూడవ శతాబ్దపు వేదాంతి పునీత థామస్ అక్వినాస్ సద్గుణాన్ని మనిషిలో స్థిరపడిన మంచి అలవాటుగా వివరించారు. వివేకం, న్యాయం, స్థైర్యం, మితత్వం అనే నాలుగు మూల సద్గుణాల పేర్లను ఒక్క పూటలో కంఠస్థం చేయవచ్చు కానీ, నిజం చెబితే మాట పడవలసి వస్తుందని తెలిసి కూడా నిజం చెప్పడం మాత్రం ఎన్నో చిన్న సందర్భాలలో చేయగా చేయగా అలవడవలసిందే.

పాఠశాల లక్ష్యాన్ని గురించి శ్రీసభ, అంటే కతోలిక సంఘం, స్పష్టంగానే చెప్పింది. ప్రపంచంలోని కతోలిక బిషప్పులు సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన క్రైస్తవ విద్యా ప్రకటన ప్రకారం, మనిషిని అతని పరమ గమ్యం వైపు నడిపిస్తూనే, అతడు సభ్యుడిగా ఉన్న సమాజపు మేలు కోసం తీర్చిదిద్దడం నిజమైన విద్య. 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం 795వ సూత్రంలో, పిల్లల శారీరక, నైతిక, మేధాశక్తులు పొందికగా ఎదగాలనీ, వారికి బాధ్యత తెలిసి, స్వేచ్ఛను సరిగా వినియోగించుకోవడం అలవడాలనీ కోరింది. ఈ స్వేచ్ఛ అన్న మాట దగ్గర నేను తరచుగా ఆగిపోతుంటాను. శిక్షకు భయపడి మాత్రమే కాపీ కొట్టని పిల్లవాడు, ఆ భయం లేనిచోట కొట్టకుండా ఉంటాడని చెప్పలేము. అటువంటి వాడిలో క్రమశిక్షణ కనిపించవచ్చు గాని, మనస్సాక్షి ఇంకా మేల్కొనలేదు.

పునీత డాన్ బోస్కో అనే గురువు ఇటలీలోని ట్యూరిన్ నగరంలో దిక్కులేని కుర్రవాళ్ల మధ్య పనిచేస్తూ అనుసరించి, 1877లో అక్షరబద్ధం చేసిన 'నివారణ పద్ధతి' ఈ విషయంలో నేటికీ మార్గం చూపుతుంది. తప్పు జరిగాక దండించడం కంటే, తప్పు దాకా పోకుండా పిల్లల వెంట ఉండడం మేలని ఆయన నమ్మారు. వివేచన, మతం, వాత్సల్యం అనే మూడింటి మీద ఆ పద్ధతిని నిలబెట్టారు. పిల్లలను ప్రేమిస్తే చాలదు, తమను ప్రేమిస్తున్నారని వారికి తెలియాలి అని 1884లో రోమునుంచి తన సహచరులకు రాశారు. కాబట్టి ఆ టీచరు మీ అబ్బాయిని అందరిలో నిలబెట్టి అవమానించి ఉంటే, వాడు నేర్చుకున్నది దొరకకుండా ఉండడమే. ఏకాంతంగా పిలిచి, ఎందుకు అబద్ధమాడవలసి వచ్చిందో వాడి నోటితోనే చెప్పించి, ఆ లెక్కలు మళ్లీ చేయించి, ఎవరి పుస్తకం చూశాడో ఆ పిల్లవాడికి కూడా వాడి చేత క్షమాపణ చెప్పించి ఉంటే, నీతిబోధ పీరియడులో జరగని పని ఆ పది నిమిషాలలో జరుగుతుంది. పశ్చాత్తాపం, ఒప్పుకోలు, చేసిన నష్టాన్ని సరిదిద్దడం అనే క్రమం పాపసంకీర్తనంలో, అంటే గురువు ఎదుట పాపాలు ఒప్పుకొని క్షమాపణ పొందే సంస్కారంలో, ఉన్నదే. ఇంట్లో మీరు కూడా అదే దారిలో నడిపించండి, ఎందుకంటే పిల్లలకు తొలి గురువులు తల్లిదండ్రులేనని ఆ మహాసభ ప్రకటనే చెబుతున్నది.

ప్రశ్న: మేము క్రైస్తవులం కాము. నైతిక విద్య పేరుతో మా అమ్మాయి మతం మార్చే ప్రయత్నం జరుగుతుందేమోనని మా బంధువులు భయపెడుతున్నారు. – ఒక తండ్రి

జవాబు: మీరు ఈ మాట పాఠశాలవారినే సూటిగా అడగవచ్చు, అడగాలి కూడా. విశ్వాసం విషయంలో ఎవరినీ బలవంతపెట్టరాదని మత స్వేచ్ఛపై మహాసభ 1965 డిసెంబరు 7న ప్రకటించింది. కతోలిక విశ్వాసాన్ని మనస్సాక్షికి విరుద్ధంగా స్వీకరించేలా ఒత్తిడి చేయడం ఎప్పటికీ తగదని ధర్మశాస్త్రం 748వ సూత్రం నిషేధించింది. మతాన్ని గురించి తెలియజెప్పే పాఠానికీ, విశ్వాసులను విశ్వాసంలో పెంచే జ్ఞానోపదేశానికీ స్పష్టమైన తేడా ఉన్నదని 1988లో వాటికన్ విద్యా విభాగం వివరించింది. మొదటిది మీ అమ్మాయి వినవచ్చు, రెండవది ఆమెకు ఉద్దేశించినది కాదు. అయితే పాఠశాల తన విశ్వాసాన్ని దాచుకోవాలని మాత్రం కోరకండి. యేసు బోధను తెలిపే సువిశేషంలోని క్షమ, సేవ, బలహీనుల పట్ల గౌరవం అనేవాటినుంచే ఆ పాఠశాల పుట్టింది.

ప్రశ్న: నేను కతోలిక పాఠశాలలో గణితం చెబుతాను. విద్యార్థుల నైతిక నిర్మాణం కూడా నా పనేనని యాజమాన్యం అంటున్నది. సమీకరణాలలో నీతి ఎక్కడ ఉంటుంది? – ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, సమీకరణంలో వెతకకండి, దానిని మీరు చెప్పే తీరులో ఉంటుంది. నేటి మనిషి బోధకుల కంటే సాక్షుల మాటనే ఎక్కువ ఇష్టంగా వింటాడని ఆరవ పౌలు పోపుగారు 1975లో రాశారు. బల్లమీద మీరు చేసిన పొరపాటును ఒక విద్యార్థి పట్టుకున్నప్పుడు మీరేమంటారన్నది తరగతి మొత్తం గమనిస్తుంది. పేద పిల్లలకు పాఠశాలలు నడిపిన ఫ్రాన్సు దేశపు గురువు పునీత జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ 1683లో రీమ్స్ నగరపు ప్రధాన దేవాలయమైన కతీడ్రల్‌లోని తన గౌరవ పదవిని వదులుకొని, ఆస్తిని కరువులో పేదలకు పంచి, ఆ తరువాతనే ఉపాధ్యాయుల మధ్య వారిలో ఒకడిగా నిలబడగలిగారు.

యాజమాన్యానికి కూడా ఈ సందర్భంలో ఒక మాట చెప్పాలి. కేవలం సంపన్న వర్గాల మీదనే దృష్టి పెడితే కతోలిక పాఠశాల అన్యాయపు సమాజాన్ని నిలబెట్టడానికే తోడ్పడినట్లవుతుందని 1977 నాటి వాటికన్ పత్రం హెచ్చరించింది. ఉత్తీర్ణతా శాతం పడిపోతుందని వెనుకబడిన పిల్లలను బయటికి పంపే పాఠశాల, గణితం మాస్టారును నీతి నేర్పమని అడిగే ముందు ఆ పిల్లలను వెనక్కి పిలవాలి. మీ వరకు మీరు, దిద్దిన పేపర్లు ఇచ్చేటప్పుడు అతి తక్కువ మార్కులు వచ్చిన పిల్లవాడి పేపరును పైకి చదవకుండా వాడి చేతికి ఇచ్చి, సాయంత్రం పది నిమిషాలు వాడి పక్కన కూర్చోవడంతో మొదలుపెట్టండి.