గల్లీలో కదలని కారు

ప్రశ్న: హన్మకొండలో మాది ఇరుకు గల్లీ. ఎదురింటాయన పాత కారు నెలల తరబడి మా గోడ పక్కనే పడి ఉంది. టైర్లలో గాలి లేదు, కింద చెత్త, దోమలు. అడిగితే ‘రోడ్డు మీ సొంతమా?’ అంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, నయీంనగర్

జవాబు: రోడ్డు మీది కాదన్న మాట నిజమే, అతనిదీ కాదు. అందుకే ‘మా ఇంటి ముందు పెట్టాడు’ అని రాసిన ఫిర్యాదుకు బలం ఉండదు. ‘వదిలేసిన బండి, దారికి అడ్డం’ అని రాయండి. 1988 మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం, బహిరంగ స్థలంలో 10 గంటలు, అంతకు మించి వదిలేసిన బండిని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి తీయించవచ్చు. టోయింగ్ ఖర్చు ఓనరే కట్టాలి.

బండి కదలలేదని చూపించడమే అసలు పని. టైరు, నంబరు ప్లేటు, పక్క గోడ మూడూ ఒకే ఫొటోలో పడేలా తేదీతో తీయండి. వారం, పది రోజులకోసారి అదే చోటు నుంచి మళ్లీ తీయండి. చెత్తబండి గానీ అంబులెన్సు గానీ తిరగలేకపోతే ఆ ఫొటో అన్నిటికన్నా గట్టిది. ప్లేటు మీద ‘ఏపీ 36’ ఉంటే అది 2014లో తెలంగాణ ఏర్పడక ముందటి ఉమ్మడి వరంగల్ జిల్లా బండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది కాబట్టి, గడువు, ఇన్సూరెన్స్ అయిపోయాయని తెలిస్తే అదీ రాయండి.

ఇవన్నీ పట్టుకుని ముందు అతని దగ్గరికే ఇంకోసారి వెళ్లండి, గల్లీ పెద్దమనిషిని వెంటపెట్టుకుని. ‘అన్నా, జర పక్కకు తీయించుండ్రి’ అని గడువు చెప్పి అడగండి. వినకపోతే ట్రాఫిక్ పోలీసులకు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. చెత్త, దోమల సంగతి మాత్రం గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌కు విడిగా రాయాలి. రెండూ ఒకే కాగితంలో రాస్తే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇవ్వండి.

గాలి తీయడం, అద్దం పగలగొట్టడం, మనుషులను పెట్టి నెట్టించడం వద్దే వద్దు. కేసు మీ మీదికే తిరుగుతుంది. జాగా పట్టడానికి రాళ్లు, డ్రమ్ములు పెట్టినా తప్పు మీదే అవుతుంది.

ప్రశ్న: మా నాన్న కారు ఇక నడవదు. పాత ఇనుము కొనేవాళ్లకు అమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: అలా అమ్మితే బండి ముక్కలైనా ఆర్‌సీ మీ నాన్నగారి పేరు మీదే మిగిలిపోతుంది. ఆ నంబరును ఎవరైనా తప్పుడు పనికి వాడితే పోలీసులు వచ్చేది మీ ఇంటికే. రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రానికే ఇవ్వండి. ముందుగా బ్యాంకు అప్పు ఉంటే ఆర్‌సీ మీద హైపోథికేషన్ (అప్పు నమోదు) తీసేయించి, చలాన్లు కట్టేయండి. ఆ స్క్రాపింగ్ కేంద్రం ఇచ్చే ‘సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్’ దాచుకోండి. కొత్త బండి పన్నులో రాయితీకి అదే ఆధారం. ఆర్‌టీఏలో రిజిస్ట్రేషన్ రద్దయిందని చూసుకునేదాకా వదలకండి.