ప్లాస్టరింగ్ అయిన రెండు వారాలకే బయటి గోడలకు రంగు వేయవచ్చా?

బయటి గోడలకు ప్లాస్టరింగ్ పూర్తయి రెండు వారాలైందనీ, గోడ చేతికి పొడిగానే తగులుతోందనీ, మొదటిసారి సొంతంగా రంగు వేసుకోవడానికి ఏ డబ్బా కొనాలో చెప్పమనీ మీరు అడిగారు. చేతికి తగిలిన పొడిదనాన్ని నమ్మి ఒక గోడ మొత్తం గీక్కోవలసి వచ్చినవాణ్ణి కాబట్టి, డబ్బా సంగతి తర్వాత చెబుతాను.

మా ఇంటి గోడలను వారం రోజులు తడిపి ఆపాము. తడపడం ఆపిన ఐదో రోజుకల్లా ముదురు బూడిద రంగు పోయి గోడ తెల్లబారింది. పరంజా ఇంకా విప్పలేదు, దాని అద్దె రోజురోజుకూ పెరుగుతోంది. ఆ తొందరలో, తలుపులకు వాడగా మిగిలిన, రంగుకు ముందు అడుగుపూతగా వేసే ఆయిల్ ప్రైమర్‌ను నీడన ఉండే గోడకు నేనే పూసి, ఆరాక లేత నీలం ఎమల్షన్ (నీళ్ళతో కలిపే గోడ రంగు) రెండు పూతలు వేశాను. మూడో వారంలో సన్‌షేడ్ కింద అరచేతి వెడల్పున బొబ్బలు లేచాయి. ఒకదాన్ని గోటితో చిదిపితే నీరు కారింది. అడుగున ప్రైమర్ నానిన సబ్బుబిళ్ళలా జిగటగా వేలికి అంటుకుంది.

సబ్బు అన్నది ఇక్కడ పోలిక మాత్రమే కాదు. సిమెంటు నీటితో కలిసి గట్టిపడుతున్నప్పుడు సున్నం పుడుతుంది, దానివల్ల కొత్త ప్లాస్టరింగ్ పీహెచ్ (7 దాటేకొద్దీ క్షారం పెరుగుతుందని చెప్పే కొలత) 12 నుంచి 13 వరకు ఉంటుంది. అంతటి క్షారమూ, తేమా ప్రైమర్‌లోని నూనెకు తగిలితే, సబ్బు తయారీలో జరిగేదే గోడ మీదా జరుగుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆ సున్నాన్ని పైపొర నుంచి మెల్లగా సుద్దగా మార్చుకుంటూ వస్తేనే ఘాటు తగ్గుతుంది. అందరూ చెప్పే 28 రోజుల లెక్క సిమెంటు బలాన్ని పరీక్షించే గడువు. రంగు విషయంలో దాన్ని కనీస గడువుగా తీసుకోవాలే తప్ప హామీగా కాదు. నీడన ఉండే గోడకు ఆరు వారాలు ఆగినా ఎక్కువని నేననుకోను. ప్రైమర్ పడితే అన్నీ సర్దుకుంటాయని చెప్పే పెయింటర్లకు లోటు లేదు గానీ, బొబ్బలు లేచేనాటికి వాళ్ళు మరో ఇంటి పరంజా మీద ఉంటారు.

గీకడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. బయటపడ్డ గోడ మీద తెల్లటి ఉప్పు తేలితే మొదట నీళ్ళతో కడిగాను, అదీ పొరపాటే. ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోయి, ఆరగానే తిరిగి పైకి వచ్చింది. పొడి బ్రష్‌తో రుద్ది దులుపుతూ, కొత్తగా తేలడం ఆగేదాకా వేచి ఉన్నాను. అంత ఓపిక ముందే ఉండి ఉంటే ఆ నాలుగు రోజులూ మిగిలేవి.

ఇక మీ డబ్బా విషయానికి వస్తే, కంపెనీ పేరు కన్నా అది ఏ రకమన్నదే ముఖ్యం. క్షారాన్ని తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్న, నీళ్ళతో కలిపే బయటి గోడల ప్రైమర్ తీసుకుని, దాని మీద ఆక్రిలిక్ ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ వేయండి. ఇవి లోపలి తేమను ఆవిరిగా కొంత బయటికి పోనిస్తాయి. మొదటి పూతలో నీళ్ళు డబ్బా మీద చెప్పినంత కలపండి, చిక్కగా వేస్తే గోడ పీల్చుకోక పైన తొడుగులా నిలిచి, పెచ్చులుగా ఊడుతుంది. నీలాల్లో కొన్ని వర్ణకాలు సున్నం ఘాటుకు వెలిసిపోతాయి, ఐరన్ ఆక్సైడ్‌తో చేసిన ఎరుపు, పసుపు రంగులు నిలుస్తాయి. షేడ్ కార్డు మీద ఈ ముక్క ఎందుకు వేయరో నాకు అర్థం కాదు.

కొనడానికి వెళ్ళే ముందు రోజు సాయంత్రం జానెడు పాలిథిన్ కాగితాన్ని గోడకు ఆనించి, నాలుగు అంచులూ టేపుతో మూసి, మర్నాడు తీసి చూడండి. లోపలి వైపు నీటి బొట్లు కనబడితే రంగు కొనడం వాయిదా వేసుకోండి. ఈ పరీక్షను ఎండ తగిలే గోడ మీద కాకుండా, అన్నిటికన్నా ఆలస్యంగా ఆరే మూలన, సన్‌షేడ్ కిందనే చేయండి.