మీరడిగారు: గాడిద కప్పుకున్నది పులి తోలా, సింహం తోలా?

ప్రశ్న: మా బాబు నాలుగో క్లాసు సార్. వాడి ఇంగ్లీష్ బుక్‌లో సింహం తోలు కప్పుకున్న గాడిద కథ ఉంది, ఈసప్ కథ అని రాశారు. మా అత్తయ్యేమో అది మన పంచతంత్రం కథ, సింహం కాదు పులి అంటారు. అన్నాల దగ్గర రోజూ ఇదే గొడవ. ఎవరిది కరెక్ట్? – ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: ఇద్దరిదీ కరెక్టే అమ్మా. పైగా సింహం తోలు కథ మన దగ్గర కూడా ఉంది, బౌద్ధుల జాతక కథల్లో, సీహచమ్మ జాతకం అని. ఎవరు ముందు చెప్పారనేది పండితులు ఎన్నో ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు, ఈసప్‌ది క్రీస్తుపూర్వం 6వ శతాబ్దం అంటారు గానీ ఆయన పేరు మీదున్న కథలు పుస్తకాలకెక్కింది చాలా తర్వాత, మనవీ అంతే, రాతలోకి రాకముందు ఎన్ని తరాల నోళ్లలో నానాయో. ఆ గొడవ వదిలేసి రెండు కథలూ ఒకేసారి చదవండి, అసలు మజా అక్కడుంది.

ఈసప్ కథలో తోలు కప్పుకునేది గాడిదే, అందర్నీ భయపెట్టాలని దానికే సరదా. నక్క దగ్గరికొచ్చేసరికి, నీ అరుపు వినకపోయుంటే నేనూ భయపడేదాన్నే అంటుంది నక్క. అంతే కథ.

మన గాడిదకి అసలు ఆ ఆలోచనే లేదు. పంచతంత్రం ఆధారంగా వచ్చిన హితోపదేశంలో, హస్తినాపురంలో విలాసుడని ఒక రజకుడు, బరువులు మోయించి మోయించి గాడిద చావుకొస్తే, పులితోలు కప్పి అడవి పక్కన చేలో వదిలేశాడు. దూరం నుంచి చూసి పులి అనుకుని రైతులు పరుగో పరుగు. ఒక కాపలావాడు మాత్రం బూడిదరంగు గొంగడి కప్పుకుని, విల్లు ఎక్కుపెట్టి, ఓ మూల వంగి కూర్చున్నాడు. మేసి మేసి బలిసిన గాడిద ఆ బూడిదరంగు చూసి ఆడగాడిద అనుకుని ఓండ్ర పెట్టుకుంటూ వాడి మీదికే ఉరికింది, గొంతు విని వాడు గుర్తుపట్టి చంపేశాడు. చూశారా, పులి వేషంలో గాడిద, గాడిద రంగులో మనిషి, ఎంత బాగా అల్లారో!

కానీ శ్లోకమేమో ‘వాగ్దోషాద్ గర్దభో హతః’ అని తప్పంతా దాని నోటి మీద వేసేస్తుంది. నాకు ఇది చదివినప్పుడల్లా బాధేస్తుంది, తోలు కప్పింది యజమాని, మేత ఖర్చు మిగిలింది యజమానికి, ప్రాణం పోయింది గాడిదకి. జాతకంలోనూ అంతే, అక్కడ గాడిదకి సింహం తోలు కప్పేది ఒక వర్తకుడు, ఊరివాళ్లు శంఖాలు ఊదుతూ డప్పులు కొడుతూ వస్తే బెదిరిపోయి అరుస్తుంది, దెబ్బలు తిని పడిపోతే ఆ వర్తకుడు అక్కడే వదిలేసి తన దారిన తను పోతాడు. ఈ రెండూ మీ బాబుకి చెప్పి, తప్పు ఎవరిదిరా అని అడగండి, వాడేమంటాడో నాకూ రాయండి.

ప్రశ్న: మా కింద పోర్షన్ ఖాలా వాళ్ల నానీ చెప్పిందని ‘కలీలా దిమ్నా’ కథ చెప్పింది. సింహం, ఎద్దు, రెండు నక్కలు, అచ్చం మా పంచతంత్రంలో మిత్రభేదమే! అక్కడికెట్ల పోయింది? – ఒక పాఠకుడు, టోలిచౌకి

జవాబు: మన మిత్రభేదంలో నక్కలు కరటకుడు, దమనకుడే కలీలా, దిమ్నా. 6వ శతాబ్దంలో ఇరాన్ రాజు ఖుస్రో అనూషిర్వాన్ కాలంలో బుర్జోయ్ అనే వైద్యుడు పంచతంత్రాన్ని పహ్లవీలోకి, అంటే అప్పటి ఇరాన్ భాషలోకి తీసుకెళ్లాడు, ఆ పుస్తకం మనకి మిగల్లేదు గానీ దాన్నుంచి 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా అరబ్బీలో రాశాడు. అక్కణ్నుంచి మళ్లీ ఫార్సీ, ఆ ఫార్సీతో తిరిగి మన దేశానికే వచ్చింది.

అయితే అచ్చం మిత్రభేదం కాదు. మన దాంట్లో దమనకుడు చాడీలు చెప్పి సంజీవకుడనే ఎద్దుని చంపించి, హాయిగా మంత్రి పదవిలో ఉంటాడు, శిక్షే లేదు. అరబ్బీలో దిమ్నా విచారణ అని ఒక అధ్యాయం కొత్తగా చేరింది. నక్కలు మాట్లాడుకునేది చిరుతపులి వింటుంది, సింహం తల్లికి చెప్తుంది, దిమ్నాని సభలో నిలబెడతారు, వాడు ఎంత తెలివిగా వాదించుకున్నా చివరికి మరణశిక్ష పడుతుంది. 1853 నాటి చిన్నయసూరి నీతిచంద్రికలో మనం చదువుకున్న మిత్రభేదంలో ఇది ఉండదు, కాబట్టి ఈసారి ఖాలాని ఆ విచారణ కథే అడగండి, మిత్రభేదం మీరు చెప్పండి.