డాలస్ ఎన్ని కిలోమీటర్లు?

ప్రశ్న: మా బిడ్డ అమెరికాల డాలస్‌ల ఉంటది. కాన్పుకు పోతున్న. విమానం ఎక్కుడు ఇదే మొదలు. హైదరాబాద్ నుంచి ఎంత దూరమని ఫోన్ల చూస్తే ఒకచోట 14,400, ఒకచోట 8,950, ఇంకోచోట 7,780 అని ఉన్నది. ఏది నిజం? టికెట్ దుబాయ్ మీదికెళ్లి ఉన్నది. పడమటికి పోయే విమానం ఉత్తరానికి మళ్లుతదని అల్లుడు అంటున్నడు. ఎందుకట్ల?
– ఒక తల్లి, పరకాల

జవాబు: అమ్మా, మూడూ నిజమే. మొదటిది కిలోమీటర్లు, రెండోది మైళ్లు, మూడోది విమానాలవాళ్లు, ఓడలవాళ్లు వాడే నాటికల్ మైళ్లు. మైలంటే 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలంటే 1.852. మీరు 14,400 గుర్తుపెట్టుకోండి, చాలు.

మీ రెండో ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది. హనుమకొండలో సర్కారు బడి పిల్లలకు ఏటా ఇదే పాఠం దారంతో చెప్పేవాణ్ని. మీ ఉత్తరం చదివి మళ్లీ గ్లోబు దించాను. అడ్డంగా 30 సెంటీమీటర్లు ఉంటుంది. మా ఇంట్లో మల్లెపూలు అల్లే దారం తీసుకుని ఒక కొస హైదరాబాద్ మీద బొటనవేలితో అదిమి, అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పడమటికి పరిచి, రెండో కొస డాలస్ మీద పట్టుకున్నాను. గట్టిగా లాగేసరికి దారం అక్కడ నిలవలేదు. దానంతట అదే పైకి జారి లద్దాఖ్, సైబీరియా మీదుగా ఉత్తర ధ్రువం పక్కకు చేరి ఆగింది. కొలిస్తే 34 సెంటీమీటర్లు. ఈ గ్లోబు మీద ఒక సెంటీమీటరుకు 425 కిలోమీటర్లు. గుణించి చూడండి, మీ ఫోనులోని మొదటి అంకె దగ్గరికే వస్తుంది.

గోడమీది పటంలో మాత్రం ఈ రెండు ఊళ్లకూ గీత గీస్తే పడమటికే పోతుంది. ఆ గీత వెంట నిజంగా ఎగిరితే 17,600 కిలోమీటర్ల పైమాటే. గుండ్రటి భూమిని చదునుగా పరిచినప్పుడు ధ్రువాల దగ్గరి చోటంతా సాగిపోతుంది కనుక దగ్గరిదారి దూరంగా కనబడుతుంది. మన బడుల్లో పటాలున్నన్ని గ్లోబులు ఉండవు. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది అదే.

మీరు దుబాయ్‌లో మారుతున్నారు కాబట్టి దూరం కొంత పెరుగుతుంది. హైదరాబాద్–దుబాయ్ 2,550, దుబాయ్–డాలస్ 12,900, మొత్తం 15,450 దాకా. ఆ రెండో విమానమే మీ అల్లుడు చెప్పినట్టు ఉత్తరానికి మళ్లేది. దారం పట్టి చూస్తే యూరప్ ఉత్తరపు కొస మీదుగా గ్రీన్‌లాండ్ దిక్కు పోతుంది. గాలులను బట్టి, ఆయా దేశాల ఆకాశం తెరిచి ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఏ రోజు దారి ఆ రోజుది.

పోయేటప్పుడు ఆ ఒక్క విమానంలోనే 16 గంటల దాకా కూర్చోవాలి. నడుమ నడుమ లేచి నాలుగడుగులు వేయండి. ముందు సీటు వెనక చిన్న తెర ఉంటుంది, అందులో పటం పెట్టమని అడగండి. వచ్చేటప్పుడు పైన పడమటి నుంచి తూర్పుకు వీచే గాలి విమానాన్ని వెనక నుంచి తోస్తుంది, గంటో గంటన్నరో ముందే దుబాయ్‌లో దిగుతారు.